డయాలసిస్ ఆటోలో ఢిల్లేశు

2023 వేసవి. పలాసలో జీడిపిక్కల సీజను జోరుగా ఉంది. నేను టెక్కలిలోని ఒక డీ-ఎడిక్షన్ సెంటర్లో, అంటే మత్తు అలవాటు మాన్పించే చోట, స్టాఫ్ నర్సుగా చేరి ఎంతో కాలం కాలేదు. అంతకుముందు చాలా ఏళ్లు అక్కడి పెద్దాసుపత్రి డయాలసిస్ యూనిట్లో పనిచేశాను. పుట్టింది పలాసలో, తిరిగింది ఇంటింటా కిడ్నీ జబ్బు ఉండే ఉద్దానం ఊళ్లలో. కాబట్టి కిడ్నీ రోగుల నడకా, వాళ్లు నీళ్లసీసా పట్టుకునే తీరూ దూరం నుంచే గుర్తుపడతాను. మత్తు రోగుల సంగతే నాకు కొత్త. నేర్చుకుంటున్నాను.

వృత్తి అనుభవం ఒకటి రాయమని అడిగితే నేను క్షణం కూడా తడుముకోలేదు. ఢిల్లేశు కేసే రాస్తాను. ఈ పేర్లన్నీ మార్చినవే, ఊరి పేరు అసలు చెప్పను. వజ్రపుకొత్తూరు మండలంలో, కొబ్బరితోటల మధ్య ఉండే ఊరు అనుకోండి చాలు.

ఆ రోజు పొద్దున్నే మా సెంటర్ ముందు ఒక ఆటో వచ్చి ఆగింది. ఆగిందనడం కంటే ఒలికిందనాలి. లోపల అంతమంది ఎలా పట్టారో నాకు ఇప్పటికీ తెలీదు. ముందుగా ఒక పెద్దాయన దిగాడు. మనిషి బక్కగా ఉన్నాడు, ఎడంచేతిని గుండెలకు ఆనించి పట్టుకున్నాడు. ఆ చేతిలో ఫిస్టులా ఉందని నాకు వెంటనే అర్థమైంది. ఫిస్టులా అంటే డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతి రక్తనాళాలను కలిపి చేసే ఏర్పాటు. అది ఉన్నవాళ్లు ఆ చేతిని చంటిపిల్లలా కాపాడుకుంటారు. ఆయన వెనకే ముప్పై దాటిన ఒక యువకుడు, అతని భార్య, టిఫిన్ క్యారేజీ, మంచినీళ్ల టిన్ను, ఇంకో నలుగురు దిగారు.

పెద్దాయన చుట్టూ చూసి నన్నడిగాడు. "అమ్మా, మిసన్లు ఎటేపున్నాయి?"

"ఏ మిషన్లు బాబూ?"

"రక్తం కడిగే మిసన్లు. మా ఢిల్లేశుకి కొత్తగా అంటుకున్నాది. మొదటిసారి కదా, బయపడిపోతాడనీసి అందరం వొచ్చినాం. నాకూ ఇయాళ డయాలసిస్సే. పెద్దాసుపత్రిలో నా వంతు ఇంకా టైమున్నాది, ముందు ఈణ్ణి సూపించీసి ఎల్దామనీసి..."

ఆయన పేరు లోకనాథం. ఢిల్లేశుకు వరసకు మేనమామ. ఊళ్లో కిడ్నీ రోగులందరికీ ఆయనే పెద్ద దిక్కు. ఆటో ఎన్నింటికి బయల్దేరాలో, ఎవరి పక్కన ఎవరు తోడు కూర్చోవాలో, ఏ ఇంట్లో ఉప్పు లేని కూర వండాలో అన్నీ ఆయన చెప్పినట్టే నడుస్తాయి. ఆ ఊళ్లో కిడ్నీ రోగి ఒంటరిగా ఆసుపత్రికి వెళ్లడమన్నది లేదు. తోడు వంతు అని పెట్టుకున్నారు. ఇవాళ ఒకరు, మళ్లీసారి ఇంకొకరు. ఎవరూ ఎవరికీ గుర్తుచేయనక్కర్లేదు.

నేను ఢిల్లేశు వైపు చూశాను. మాడిపోయే ఎండలో అతని చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ముక్కు కారుతోంది. ఆవులింత మీద ఆవులింత. కాళ్లు ఒకచోట నిలవడం లేదు. కిడ్నీ రోగి ఇలా ఉండడు. ఇది విత్‌డ్రాయల్. అలవాటుపడిన మత్తుమందు వేళకు అందకపోతే ఒళ్లు చేసే గొడవను మేము అలా అంటాం. ఇంతలో మా డాక్టరుగారు నన్ను లోపలికి పిలిచారు. ఢిల్లేశును మా దగ్గరికి పంపిన కిడ్నీ డాక్టరు అప్పటికే ఆయనకు ఫోన్ చేసి చెప్పారట. క్రియాటినిన్, అంటే కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష, రెండుసార్లు చేసినా శుభ్రంగా ఉంది. మనిషికి ఉన్నది కిడ్నీ జబ్బు కాదు, నొప్పిమాత్రల అలవాటు.

ఇందులో ఊరివాళ్ల పొరపాటు ఎంత సహజమైనదో చూడండి. మనిషి చిక్కిపోయాడు. అన్నం సహించడం లేదు. వాంతులు, కాళ్లపీకులు, రాత్రి నిద్ర లేదు. వేరే ఊళ్లో అయితే ఏ కామెర్లో అనుకుంటారు, లేదా గాలి సోకిందంటారు. ఉద్దానంలో ఇంకేమీ అనుకోరు. అక్కడ ఎవరికి ఏ నలత వచ్చినా ముందు గుండెల్లో మెదిలే మాట ఒక్కటే. అందరూ కిడ్నీ అనుకున్నారు, ఢిల్లేశు అవునన్నాడు.

అతణ్ణి పక్కగదిలో కూర్చోబెట్టి తలుపు వేశాను. నా నోరు కాస్త దురుసు, కానీ ఆ రోజు మెల్లగానే అడిగాను. "ఏ మాత్రలయ్యా?"

తల దించుకుని చెప్పాడు. అతనిది కొబ్బరి దింపు పని. కాళ్లకు తాడు వేసుకుని చెట్టెక్కి గెలలు కోస్తాడు. ఒకసారి దిగేటప్పుడు నడుం పట్టేసింది. పని మానితే పూట గడవదు. తెలిసినవాడెవడో పూండి రైల్వే స్టేషన్ దగ్గర ఒక మాత్ర ఇచ్చాడు. నొప్పి పోయింది, హుషారు వచ్చింది. అది ఓపియాయిడ్ రకం, అంటే నల్లమందు జాతికి చెందిన బలమైన మందు. డాక్టరు చూసి, రోజులు కట్టి ఇవ్వాల్సిన దాన్ని ఇతను పిప్పరమెంటు బిళ్లల్లా వాడాడు. కొన్నాళ్లకు నొప్పి ఉన్నా లేకపోయినా మాత్ర లేకుండా చెట్టెక్కలేని స్థితి, ఆ తర్వాత మంచం దిగలేని స్థితి వచ్చాయి.

"మీ వాళ్లకు చెప్పు. కిడ్నీ కాదని తెలిస్తే ఎగిరి గంతేస్తారు" అన్నాను.

అతను నా కాళ్ల మీద పడబోయాడు. "కిడ్నీ అనే ఉంచీండి సిస్టరమ్మా. మీకు దండమెడతాను."

"అదేటి? లేని జబ్బు నీకెందుకు?"

"కిడ్నీ జబ్బోడు వొత్తే మా ఊళ్లో నిలబడి కుర్సీ ఏత్తారు. మాత్తర్లు మింగీవోడికి కుర్సీ ఎవులేత్తారమ్మా? గుమ్మంలోకే రానివ్వరు."

నాకు కోపం వచ్చింది, నవ్వూ వచ్చింది. అతను చెప్పింది అబద్ధం కాదు. కానీ దాచి నడిచే వైద్యం కాదు మాది. నాలుక కింద పెట్టుకుంటే కరిగే ఒక మాత్ర ఉంది. మొదట్లో చాలాకాలం దాన్ని రోజూ మా కళ్ల ముందే వేసుకోవాలి, ఇంటికి ఇవ్వం. అది వణుకునూ వాంఛనూ అణుస్తుంది, మనిషిని పనిలో నిలబెడుతుంది. తర్వాత డాక్టరుగారు చూసుకుంటూ మెల్లమెల్లగా తగ్గిస్తారు. రోజూ అంటే రోజూ. ఆ ఊరి నుంచి టెక్కలికి ఒంటరిగా వచ్చేవాడు దారిలో ఎక్కడ దిగిపోతాడో ఎవరికి తెలుసు? ఊరు తోడు రాకపోతే ఢిల్లేశు నిలబడడు. ఊరికి తెలిస్తే తోడు వస్తుందో రాదో చెప్పలేం. ఆ చిక్కుముడి మా ముందుంది.

రోగి గుట్టు రోగిదే, మేము బయటపెట్టకూడదు. అందుకని బయట ఉన్నవాళ్లకు "కొన్నాళ్లు ఇక్కడే ఉంచి చూడాలి" అని మాత్రం చెప్పి పంపించాను. భార్య నీలవేణి తోడు ఉండిపోయింది. లోకనాథం వెళ్తూ వెళ్తూ నీళ్ల టిన్ను నా చేతికిచ్చి, "కొలిసి పొయ్యమ్మా, ఈడికి దాహం ఎక్కువ" అని అప్పగింతలు పెట్టాడు.

చికిత్స మొదలై వణుకు కొంచెం తగ్గాక ఢిల్లేశు నీలవేణికి చెప్పాడు. నన్ను పక్కన ఉండమన్నాడు, ఉన్నాను. ఆ పిల్ల విన్నది.  తర్వాత నావైపు తిరిగి, "కిడ్నీ కాదా అమ్మా? నిజంగా కాదా? ఒట్టే?" అంది.

"ఒట్టు. రెండుసార్లు చూశారు."

నీలవేణి వరండాలోకి పరుగెత్తి, స్తంభాన్ని పట్టుకుని, నవ్వుతూ ఏడ్చేసింది. ఆమె తండ్రి, ఆమె అన్న ఆ జబ్బుతోనే పోయారని నాకు తర్వాత తెలిసింది. అంత సంతోషాన్ని నేను ఏ ఆసుపత్రి వరండాలోనూ చూడలేదు. కళ్లు తుడుచుకుని లోపలికి వచ్చి, క్యారేజీ మూత తీసి మొగుడి వీపు మీద ఒక్కటిచ్చింది. "మూడు నెల్లబట్టి ఉప్పు నేకుండా వొండుతున్నాను గదరా, నాను కూడా అదే తింటన్నాను గదరా!" అంది. నేను అడ్డుపడలేదు. నాకైతే ఇంకో రెండు పడ్డా బాగుండుననిపించింది.

ఊరికి చెప్పాలన్న పట్టు ఆమెదే. "నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంటావా?" అని అడిగింది. ఢిల్లేశు తనే చెప్తానన్నాడు.

అతణ్ణి ఇంటికి పంపే రోజు డాక్టరుగారి అనుమతితో నేనూ వెంట వెళ్లాను. ఆ ఊళ్లో పొద్దున్న పూట జనం మొత్తం కనబడే చోటు మంచినీళ్ల ప్లాంటు. కిడ్నీలు పాడవుతున్నది ఊరి బావినీళ్ల వల్లేనేమోనని భయం కాబట్టి తాగేందుకు అందరూ అక్కడే టిన్నులు నింపుకుంటారు. ఢిల్లేశు ఆటో దిగగానే చుట్టూ మూగారు. ఎవరో పిల్ల కుర్చీ తెచ్చి వేసింది. అతను కూర్చోలేదు. కుర్చీ వెనక నిలబడి, దాని వీపు పట్టుకుని చెప్పేశాడు. తడబడ్డాడు గానీ ఏదీ దాచలేదు. ఏ మాత్రలు, ఎవరు ఇచ్చారు, ఎన్నాళ్లుగా కిడ్నీ అని అబద్ధమాడాడు, అన్నీ చెప్పాడు.

 టిన్ను నిండి పొర్లిపోతున్నా కుళాయి కట్టే దిక్కు లేదు. తర్వాత ఒక్కసారిగా అందరూ అందుకున్నారు. ఎక్కువ మండిపడింది లోకనాథమే.

"ఒరే! నాకీ జబ్బు అడక్కుండా వొచ్చినాది. నువ్వు నీదాన్ని కొనుక్కున్నావు. నీ కోసం నాను మొక్కుకున్నాన్రా! నా ఆటోలో నా పక్కన కూకోబెట్టుకున్నాన్రా!"

ఢిల్లేశుతో కలిసి కొబ్బరి దింపే ముఠాలో ఒకడు, "ఎక్కడో దూరంగా గదిలో ఏసి తాళమెట్టీ చోట్లుంటాయంట గదమ్మా, అక్కడికి తోలీండి" అని నాకు సలహా చెప్పాడు.

 ఉపన్యాసం బాగానే కట్టుకుని వెళ్లాను, ఒక్క ముక్కా గుర్తు రాలేదు. తాళం వేసి మాన్పిస్తే తాళం తీసిన రోజు మళ్లీ మొదటికొస్తుందని, ఇది బుద్ధి లేక వచ్చింది కాదు, బుర్రలో పాతుకుపోయిన జబ్బని, మందు ఇక్కడే టెక్కలిలో ఉందని, రోజూ తీసుకొచ్చే మనిషి మాత్రం కావాలని ఏదో గబగబా చెప్పాను. నీలవేణి లోకనాథం ఎదురుగా వచ్చి నిలబడింది.

"బాబాయ్, అబద్దమాడినందుకు తిట్టండి, కొట్టండి, నాను అడగను. ఆటోలో సీటు మాత్రం తియ్యకండి. అది తీసీసినారంటే నాకు ఈ మనిసి మిగలడు."

 లోకనాథం నావైపు తిరిగాడు.

"ఆ మందు ఏసుకుంటే రోగం పోద్దా?"

"వెంటనే పోదు. నిలబెడుతుంది. తగ్గడానికి చాన్నాళ్లు పడుద్ది."

"మద్దిలో మానేత్తే?"

"తిరగబడుద్ది."

"ఒక్క పూట ఎగ్గొట్టినా?"

"ఒక్క పూటతోనే మొదలవుద్ది బాబూ."

ఆయన తన ఎడంచేతిని తడుముకున్నాడు. తర్వాత ఎవరి మొహమూ చూడకుండా, "మా డయాలసిస్సు రోజుల్లో ఆటోలో ఎనక సీటు ఇత్తాను. మిగతా రోజులు ఆడి ముఠావోళ్లు బండి మీద దింపుకోండి. ఒరే ఢిల్లేశూ, నాతో మాత్రం మాటాడకు" అన్నాడు.

నాకు అక్కడే గెంతాలనిపించింది. నర్సుని కదా, మొహం గంభీరంగా పెట్టుకుని ఆటో ఎక్కాను. ఊరు దాటాక మాత్రం ఆటో కుర్రాడి భుజం మీద చరిచాను.

ఇక ఆ తర్వాతి వారాలు! ఆ ఊరు ఒక పనికి పూనుకుంటే ఎలా ఉంటుందో నేను మళ్లీ చూశాను. రోజూ చెప్పిన వేళకు ఢిల్లేశు మా గుమ్మంలో ఉండేవాడు. వారంలో మూడు రోజులు డయాలసిస్ ఆటోలో, మిగతా రోజుల్లో దింపు ముఠా కుర్రాళ్ల బండి మీద. తోడు వచ్చినవాడు లోపలికొచ్చి, మాత్ర పూర్తిగా కరిగిందా లేదా అని ఢిల్లేశు నోట్లోకి తొంగిచూసి మరీ వెళ్లేవాడు. అది నా పనిరా బాబూ అన్నా వినేవాళ్లు కాదు.

చిక్కేమిటంటే, వాళ్లకు తెలిసిన సేవ ఒక్కటే, కిడ్నీ సేవ. అదే మొత్తంగా ఇతని మీద దించేశారు. ఒకరోజు అతని చేతిలో గీతలు గీసిన చిన్న నీళ్లసీసా చూశాను. మధ్యాహ్నం వరకూ ఈ గీత దాటకూడదట.

"ఇదెవరు పెట్టారయ్యా?" అని అరిచాను.

తోడు వచ్చిన కుర్రాడు గర్వంగా, "మేవేనమ్మా. అరటిపండు కూడా మానిపించీసినాం. కూరలో ఉప్పు సున్నా" అన్నాడు.

ఢిల్లేశు నీరసంగా నావైపు చూశాడు. పాపం, అబద్ధమాడినవాడికి అడిగే నోరు లేదు, మూసుకుని ఉప్పులేని కూర తింటున్నాడు. నవ్వలేక చచ్చాను. ఇతనికి నీళ్లు కడుపునిండా తాగించాలి, ఉప్పూ కారం వేసి అన్నం పెట్టాలి, అరటిపండ్లు పెట్టినా తప్పులేదు అని చెప్పి పంపిస్తే, మర్నాడు నీలవేణి ఎండుచేపల పులుసు క్యారేజీ నిండా తెచ్చింది. అతను మా వరండాలో కూర్చుని తిన్న తీరు చూసి మా డాక్టరుగారు కూడా బయటికొచ్చి నిలబడ్డారు.

అయితే వాళ్ల కిడ్నీ అలవాట్లలో ఒకటి మాకు వరమైంది. నొప్పిమాత్రలు ఇష్టమొచ్చినట్టు మింగితే కిడ్నీకి చేటని ఆ ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కాబట్టి కొత్తగా కట్టుదిట్టాలేవీ చేయనక్కర్లేకపోయింది. ఢిల్లేశు నడుం నొప్పి అంటే మాత్ర ఇచ్చే ఇల్లు లేదు. వేడినీళ్ల కాపడం పెట్టే ఇళ్లు మాత్రం చాలా ఉన్నాయి. ముఠావాళ్లు అతణ్ణి చెట్టెక్కనివ్వలేదు. కింద కాయలు పోగేయడం, పీచు వొలవడం అప్పజెప్పారు. వ్యాయామాలు మేము నేర్పాం. మొహంలోకి రంగొచ్చింది. పాటలు కూడా పాడుతున్నాడని నీలవేణి చెప్పింది.

నేను మహా సంబరంగా ఉన్నాను. అందరికీ ఈ కేసు చెప్పుకుంటున్నాను. అలాంటి రోజుల్లో ఒక పొద్దున్న ఆటో రాలేదు.

వానలు మొదలైన రోజులు. దారిలో దిగబడిందేమో అనుకున్నాను. పెద్దాసుపత్రికి ఫోన్ చేస్తే లోకనాథం డయాలసిస్‌కు కూడా రాలేదన్నారు. అప్పుడు భయమేసింది. డయాలసిస్ వేళ దాటితే ఒంట్లో నీరు పెరిగి ఊపిరాడదు. ఢిల్లేశు వేళ కూడా దాటిపోతోంది. గేటు దగ్గరికీ లోపలికీ తిరుగుతూనే ఉన్నాను.

ఎప్పటికో ఆటో వచ్చింది. ఒంటినిండా బురదతో ఢిల్లేశు దిగాడు. కంటిపాపలు సూదిమొనల్లా ఉన్నాయి. మాత్ర వేసుకున్నాడని చూడగానే తెలిసిపోయింది. ఇలా మళ్లీ జారిపోవడాన్ని మేము రిలాప్స్ అంటాం.  చెప్పొద్దూ, ఇంత చేసి ఇదా అని అతని మీద భగ్గున మండింది. అతణ్ణి డాక్టరుగారికి అప్పగించి వచ్చేసరికి నీలవేణి జరిగింది చెప్పింది.

ముందురోజు పూండిలో, మొదట్లో మాత్ర ఇచ్చిన ఆ పాత స్నేహితుడు కనబడి మళ్లీ ఇచ్చాడు. పొద్దున్నే ఊరందరికీ తెలిసిపోయింది. ఢిల్లేశు సిగ్గుతో జీడితోటలోకి పోయి కూర్చున్నాడు. ఎవరు పిలిచినా రానన్నాడు. ముఠావాళ్లకు విసుగొచ్చి, "ఇంక మా వల్ల కాదు, ఈడి కోసం బళ్లు తోల్లేం" అన్నారు. ఆటో బయల్దేరబోయింది. లోకనాథం ఆపించి, కిందికి దిగిపోయాడు. ఢిల్లేశు రానిదే తను ఎక్కనన్నాడు. వాన. మిగిలిన రోగులు వేళ మించిపోతోందని గోలపెట్టారు. వాళ్లను వేరే ఆటోలో పంపించి తను నిలబడే ఉన్నాడు. కోపంగా వచ్చిన ముఠావాళ్లను ఆయనే ఎదురు అడిగాడట.

"పోయినేడాది నాను ఏటి సేసినానో మీకు గేపకం నేదేటి? నోరు కట్టుకోలేక ఒక బొండాం దింపించుకుని గటగటా తాగీలేదా? దింపినోడు ఈడే గదా?"

ఇక్కడ కొంచెం చెప్పాలి. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు పనిచేయని మనిషికి అది గుండెనే ఆపేయగలదు. చుట్టూ కొబ్బరిచెట్లు, నోట్లో ఒక్క చుక్క పోసుకోకూడదు. ఉద్దానం డయాలసిస్ రోగులకు అది పెద్ద శిక్ష. లోకనాథం ఒక ఎండరోజు తట్టుకోలేక తన చెట్టు బొండమే తాగాడు. చావు దాకా వెళ్లి వచ్చాడు.

ఆయన ముఠావాళ్లతో ఇంకా ఇలా అన్నాడట. "ఆ పూట మీరంతా ఏటి సేసినారు? అమ్మనాబూతులూ తిట్టినారు. తిట్టీసి, నన్ను ఎత్తి ఆటోలో పడీసినారు. బొండాం తాగినావు గాబట్టి నీకింక మిసను నేదుపో అనీసి ఒక్కడైనా అన్నారా? మరి ఈణ్ణెందుకు ఒగ్గీమంటన్నారు? ఈడు తాగింది కూడా బొండావేరా. తిట్టండి. తిట్టుకుంటా ఎక్కించండి."

తిట్టుకుంటూనే ఎక్కించారు. టెక్కలి వచ్చేదాకా తిడుతూనే ఉన్నారని నీలవేణి చెప్పింది. చెబుతూ నవ్వుతోంది, ఏడుస్తోంది.

నేను ఇక ఆగలేకపోయాను. పెద్దాసుపత్రికి పరుగు తీశాను. లోకనాథం అప్పటికి మిషన్ మీద ఉన్నాడు, కాస్త ఆయాసపడుతున్నాడు. ఒకప్పటి నా యూనిట్ కాబట్టి సిస్టర్లు ఏమీ అనలేదు. మంచం పక్కన నిలబడి, "ఎంత పని చేశావు బాబూ, నీకేమైనా అయ్యుంటే?" అని కసురుకున్నాను. నిజానికి ఆయన కాళ్లకు దండం పెట్టాలనిపించింది, బదులుగా కసిరాను.

"ఏటవుద్దమ్మా. మిసనుంది గదా" అన్నాడు ఆయన.

ఆ తర్వాత ఆ ఊళ్లో ఢిల్లేశును ఎవరూ వదిలేయలేదు. మరోసారి కూడా జారాడు. ఆ రోజు తోడు వచ్చిన కుర్రాడు గుమ్మంలోంచే, "సిస్టరమ్మా, ఈడు మళ్లీ బొండాం తాగీసినాడు" అని కేకేశాడు. మా సెంటర్లో అందరూ ఆ మాటే వాడడం మొదలుపెట్టారు. మూడోసారి జారబోయిన రోజు మాత్రం ఢిల్లేశు తనే ముఠావాళ్లకు ఫోన్ చేసి, "నాకు బొండాం మీదికి పోతంది మనసు, ఎవులైనా రండ్రా" అన్నాడట. ముగ్గురు వెళ్లి అతని చుట్టూ కూర్చున్నారు, పేకాడుకున్నారు. ఆ పూట గడిచిపోయింది. ఈ సంగతి చెప్పినప్పుడు మా డాక్టరుగారు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టారు. అంత పెద్ద డాక్టరు అలా లేవడం చూసి నేనూ కొట్టాను.

మందు మోతాదు మెల్లగా తగ్గుతూ వచ్చింది. రోజూ రావడం పోయి, కొన్ని రోజుల మందు ఇంటికి ఇచ్చే దశ వచ్చింది. ముఠావాళ్లు అతణ్ణి మళ్లీ చెట్టెక్కించారు. మొదటి రోజు కింద ఊరంతా నిలబడి చూశారని విన్నాను. ఆ వేళకు నాకు డ్యూటీ పడింది, లేకపోతే నేనూ అక్కడే ఉండేదాన్ని.

ఈమధ్య ఒక పొద్దున్న పెద్దాసుపత్రికి వేరే పని మీద వెళ్లాను. డయాలసిస్ యూనిట్ బయట బల్ల మీద ఢిల్లేశు కూర్చుని ఉన్నాడు. అతను మా దగ్గరికి రావాల్సిన రోజు కాదు. మళ్లీ ఏమైందోనని కంగారుగా దగ్గరికి వెళ్లాను. ఒళ్లో లోకనాథం తువ్వాలు, పక్కన ఆయన చెప్పులు ఉన్నాయి.

"ఇయాళ తోడు వంతు నాదమ్మా" అన్నాడు.

లోపలికెళ్లి లోకనాథాన్ని అడిగాను. "ఏటి బాబూ, మాటాడొద్దన్నావు. ఇప్పుడు తోడు తెచ్చుకున్నావేటి?"

ఆయన మిషన్ వైపు చూస్తూ చెప్పాడు. "వంతు కాదమ్మా, నానే అడిగి తెచ్చుకుంటన్నాను. మిగతావోళ్లు నన్ను జాలిగా సూత్తారు. ఈడు సూడడు. రోజూ ఒక దాని కోసం ఇంత దూరం రావడం అంటే ఏటో ఈడికి తెలుసు."

 ఒకప్పుడు గుమ్మంలోకి రానివ్వరని భయపడి జబ్బు లేకపోయినా ఉందన్నవాడు, ఇప్పుడు నిజమైన జబ్బు మనిషికి కావలసిన తోడు అయ్యాడు. మేమిచ్చింది మందు. దాని దగ్గరికి అతణ్ణి రోజూ, పడినా లేచినా, తిట్టుకుంటూ అయినా తెచ్చింది ఆ ఊరు. ఆ రెండూ కలిస్తేనే వైద్యమని ఈ కేసు నాకు నేర్పింది. అందుకే ఇప్పుడు ఉద్దానం నుంచి మా దగ్గరికి కొత్త మనిషి ఎవరొచ్చినా, ఏం మింగావు, ఎన్నాళ్లుగా మింగావు అని మొదట అడగను. మీ ఊరి డయాలసిస్ ఆటో ఎన్నింటికి బయల్దేరుతుంది, అందులో ఒక సీటు దొరుకుతుందా అని అడుగుతాను.